పాప హోంవర్కు: "మా ఊరు" మీద పది వాక్యాలు. ఏ ఊరు రాయించమంటారు?

బదిలీ_బాబు | శుక్రవారం రాత్రి 9:12

నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. మా పాప రెండో క్లాసు. బెంగళూరులో ఉంటున్నాం. సోమవారానికల్లా "మా ఊరు" అని పది వాక్యాలు రాసి, ఒక ఫొటో అంటించి తీసుకెళ్లాలట. సొంతూరు గురించే రాయాలి, ఇప్పుడుంటున్న చోటు గురించి కాదు అని మేడం డైరీలో ఎర్ర ఇంకుతో రాసి మరీ పంపింది. అన్నం తింటూ "నాన్నా, మనది ఏ ఊరు?" అంది. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

నా సంగతి ఇదీ. పుట్టింది అమ్మమ్మగారింట్లో, అనకాపల్లిలో. నాన్నది బ్యాంకు ఉద్యోగం. ఐదో క్లాసు దాకా ఒంగోలు, ఆరు నుంచి ఎనిమిది నంద్యాల, తొమ్మిదీ పదీ వరంగల్, ఇంటర్ ఏలూరు. తెనాలి దగ్గర తాతగారి ఊరని ఒకటుండేది. అక్కడి ఇల్లు నేను పుట్టకముందే అమ్మేశారు. ఆ ఊళ్లో నేను గడిపింది మొత్తం మీద రెండు పూటలు, రెండూ చావులకే.

మా ఆవిడది బళ్లారి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ బస్సు బోర్డు చదవాలంటే కన్నడమే ముందొస్తుంది ఆమెకి.

నేను ఏ ఊరోణ్ణో ఒక్కసారి మాత్రం ఖాయంగా తేలింది. 2005లో ఎంసెట్ కౌన్సెలింగ్. వరసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివుంటే అక్కడ లోకల్. నాకు అలా లేదు. అప్పుడు వెనక్కి ఏడేళ్లు లెక్కేసి, ఎక్కువేళ్లు ఎక్కడ చదివితే అదే నీ ప్రాంతమన్నారు. నంద్యాల మూడు, వరంగల్ రెండు, ఏలూరు రెండు. మూడు-రెండు-రెండు స్కోరుతో నేను రాయలసీమ బిడ్డనైపోయా. ఎస్వీయూ, అంటే శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. సర్టిఫికెట్లు చూసిన మేడం "నంద్యాలా? మాట వింటే అలా లేదే" అంది.

ఇప్పుడు పాప నోట్సులో ఏం రాయించను?

ఇచ్ఛాపురం_బాబాయ్ | 9:31

అనకాపల్లి అని రాయించీ బాబూ. బెల్లం మార్కెట్టు ఫొటో అంటిస్తే మార్కులే మార్కులు. గొడవుండదు.

పాలమూరు_పోరి | 9:48

అన్నా, నీ పోస్ట్ సదివి మస్తు నవ్విన, తర్వాత నవ్వు ఆగిపోయింది. నాకు ఊరున్నది, నీ లెక్క కాదు. మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, తాత తండ్రి కాడికెల్లి అక్కడనే. నాది ఊరు కత కాదు, మాట కత.

ఇంటర్ సదువనీకి విజయవాడ తోలిండ్రు. మొదటి వారమే హాస్టల్ల వార్డెన్ మేడంని "రేపు తాతీలా మేడం?" అని అడిగిన. గదిల ఇరవై మంది పిల్లలు. ఒక్క నిమిషం ఎవ్వరికి సమజ్ కాలే, తర్వాత అందరు పడి పడి నవ్విండ్రు. తాతీల్ అంటే సెలవు, గంతే. ఆ దినం నుంచి నా పేరే తాతీల్. ఎల్లిగడ్డ అన్నా నవ్వుడే, జర జరుగు అన్నా నవ్వుడే.

నెల తిరగకముందే మాట మార్చుకున్న. "వచ్చేశానండి, తినేశానండి." దసరాకి ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ గుర్తు పట్టలే. "ఎవలు? ఏ ఊరికెల్లి?" అన్నది. నేనే అమ్మా అన్న. "ఏందే, సినిమాల హీరోయిన్ మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్, పానం మంచిగున్నదా?" అన్నది.

ఇంకో ముచ్చట. 2014 తర్వాత హైదరాబాద్ల ఆఫీసుల నేను పాత మాట మల్ల తీసిన. ఇప్పుడు అందరికి ముద్దొస్తున్నది. "అబ్బ, ఎంత నాచురల్‌గా మాట్లాడతావో" అంటరు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. గా ఇరవై మందిల ఒకామె ఇప్పుడు రీల్స్‌ల "ఏంది బై" అంటున్నది.

బదిలీ_బాబు | 9:55

నీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. మా ఇంట్లో ఇవాళ్టి నుంచి ఆదివారం పేరు తాతీల్.

నాకూ ఒక అనుభవం ఉంది గానీ నీ అంత నొప్పి లేదు. వరంగల్లో తొమ్మిదో క్లాసులో నన్ను "ఆంధ్రోడు" అన్నారు. రెండేళ్లకి ఏలూరు వెళ్తే "ఏరా తెలంగాణా" అన్నారు. అదే నోరు, అదే నేను.

సైకాలజీ_మాష్టారు | 10:20

ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఈ పాఠమే చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి చోట నోరు మూసుకుని ఉండలేను, క్షమించాలి.

ఎరిక్ ఎరిక్సన్ అని ఒకాయన ఉండేవాడు. ఐడెంటిటీ క్రైసిస్ అని ఇవాళ టీవీలో కూడా వాడేస్తున్నారే, ఆ మాట పుట్టించింది ఆయనే. 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్ యూదురాలు. కన్నతండ్రి ఎవరో ఆయనకి చివరిదాకా తెలియలేదు. పెంచిన తండ్రి హోంబర్గర్ అనే పిల్లల డాక్టరు. కుర్రాడేమో పొడుగు, నీలికళ్లు, బంగారు జుట్టు. యూదుల ప్రార్థన మందిరంలో పిల్లలు "నువ్వు మావాడిలా లేవు" అని వెక్కిరించేవారు. బడికెళ్తే అక్కడ యూదుడని వెక్కిరింత. మన బదిలీ బాబు ఏలూరు-వరంగల్ గొడవ లాంటిదే. 1939లో అమెరికా పౌరుడయ్యేటప్పుడు ఆయన పేరు మార్చుకున్నాడు. ఎరిక్సన్ అంటే ఎరిక్ కొడుకు. అంటే తనకి తనే తండ్రి! నలభై దగ్గర పడుతుండగా మనిషి తన ఇంటిపేరు తనే కట్టుకున్నాడు. తర్వాత, 1950లో, మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. అందులో అయిదోది, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, "నేనెవరు" అని తేల్చుకునే వయసు.

దీని వెనకాల ఇంకో చిన్న సంగతి. నిరుడు మా మనవడికి ఏడాదిన్నర దాటింది. బుగ్గన దిష్టి చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టాను. ఏడాది వయసులో ఇలాగే చేస్తే వాడు అద్దంలో పిల్లాడి బుగ్గని తడిమాడు. ఈసారి చెయ్యి తిన్నగా తన బుగ్గ మీదకే వెళ్లింది. చుక్క చెరిపి నా పంచెకి రాశాడు. సైకాలజీలో దీన్ని ముక్కు మీద ఎర్రరంగు రాసి చేస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది పిల్లలు అద్దంలో ఉన్నది తామేనని పట్టేస్తారు. మన అమ్మమ్మలు రోజూ కాటుకతో ఆ ప్రయోగం చేస్తూనే ఉన్నారు, కాగితం మీద పెట్టలేదంతే.

అంటే "నేను" తెలియడానికి రెండేళ్లు చాలు. "నేనెవరు" అనేదే ఎంతకీ తెమలదు.

ఇచ్ఛాపురం_బాబాయ్ | 10:34

మాష్టారూ, పంచె మీద కాటుక పోయిందా మరి?

సైకాలజీ_మాష్టారు | 10:36

పోలేదు. మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

నీటికింద_ఊరు | రాత్రి 11:05

నేను శానా రోజుల నుంచి ఇక్కడ చదువుతాండా గానీ రాసేది ఇదే మొదలు. పేరు చూస్తే మీకు అర్థమయ్యే ఉంటాది.

మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఒక పల్లె. శ్రీశైలం డ్యామ్ నీళ్లు వచ్చినప్పుడు నాకు ఏడేండ్లు. ఊరంతా బండ్లకు, ట్రాక్టర్లకు ఎక్కించుకొని పైకి వచ్చినాము. మా నాయన తలుపులు, దూలాలు ఊడబీకి తెచ్చినాడు. గడప మాత్రం రాలేదు, అది పెద్ద బండరాయి.

కొత్త చోట మమ్మల్ని ఊరి పేరుతో ఎవరూ పిలిచేది లేదు. "ముంపోళ్లు" అంతే. బడిలో హాజరు పిలిచేటప్పుడు మా క్లాసులో ఇద్దరు రమణలు ఉండిరి. ఒకడు రమణ, నేను ముంపు రమణ. పెద్దయినాక ఇంకో పేరు వచ్చింది, "98 జీవో". ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే జీవో అది, 1986లో వచ్చింది. మా తట్టు ఆ నంబరు చెబితే చాలు, మిగతా కత అడగరు.

ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే ఊరు బయటపడతాది. సంగమేశ్వరం గుడి బయటపడిందని పేపర్లలో వేస్తారు కదా, అట్లా. ఒక ఏడు మా నాయనను తీసుకపోయినాను. ఎనభై దగ్గర ఉన్నాడు అప్పటికే. ఎటు చూసినా పగుళ్లు వారిన ఒండ్రు. నాకేమీ తెలియలేదు. ఆయన కట్టె ఆనించుకుంటా నేరుగా పోయి ఒక రాయి కాడ నిలబడినాడు. కాలితో మన్ను తీసినాడు. మా గడప! దాని మీద కూసోని "ఇదిగో ఇక్కడ పొయ్యి, ఇక్కడ మీయమ్మ గాదె, ఇక్కడ నువ్వు పుట్టినావు" అని చేయి చూపించుకుంటా పోయినాడు. గాలి తప్ప ఏమీ లేదు అక్కడ. మల్లా లేచేటప్పుడు గడప దాటినాడు సూడండి, తొక్కకుండా, ఇంట్లో నుంచి బయటికి వచ్చినట్లే దాటినాడు.

మా ఇండ్లల్లో పెండ్లి పత్రికలకు ఇప్పటికీ ఆ ఊరి పేరే కొట్టిస్తాము. పత్రిక చూసి ఎవరైనా వెతికితే మ్యాపులో నీళ్లు కనపడతాయి.

బాబూ, ఊరు లేదని బాధపడొద్దు. ఉన్నోళ్లకూ ఉండదు.

డాలస్_అమ్మ | 11:40 (మాకు మధ్యాహ్నం)

పై పోస్టు చదివాక నాది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తా.

మా వాడికి పదిహేను. ఇక్కడే పుట్టాడు. స్కూల్లో "అసలు ఎక్కడి నుంచి?" అంటారు. డాలస్ అంటే "కాదు, అసలు?" అంటారు. భీమవరం వెళ్తే మా అత్తగారి వీధిలో పిల్లలు "అమెరికా వాడొచ్చాడ్రోయ్" అంటారు. వాడు ఈ మధ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇక్కడ అడిగితే భీమవరం అంటాడు, అక్కడ అడిగితే డాలస్ అంటాడు. ఎక్కడైనా అవతలి వాడు నోరు తెరిచి చూస్తాడని.

రెండిళ్ల_పిల్ల | శనివారం ఉదయం 6:50

మగవాళ్లందరూ ఊరు ఊరు అని కొట్టుకుంటున్నారు. మాకు ఇంటిపేరు దగ్గరే ఆగిపోతుంది బండి.

పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో అత్తింటిది. పాన్ కార్డులో మా నాన్న పేరు నా పేరు వెనక తోకలా వచ్చింది. ఒక బ్యాంకులో కౌంటర్ అబ్బాయి మూడూ పక్కపక్కన పెట్టి "మేడం, ఈ ముగ్గురూ ఒకరేనా?" అన్నాడు. అఫిడవిట్ తెమ్మన్నాడు, నేను నేనేనని స్టాంపు పేపరు మీద.

గుళ్లో అర్చన చేయించేటప్పుడు పూజారి గోత్రం అడుగుతారు కదా. పెళ్లయి పన్నెండేళ్లయినా మొదట నోట్లోంచి వచ్చేది నాన్న గోత్రమే. అత్తయ్య మోచేత్తో పొడుస్తారు. సరిచేసుకుంటా.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. రెండేళ్ల క్రితం మా అమ్మ పోయింది. సామాన్లు సర్దుతుంటే అటక మీద ఒక ఇత్తడి బిందె దొరికింది. చింతపండు పెట్టి తోమితే మెడ దగ్గర అక్షరాలు తేలాయి. పాతకాలం వాళ్లు పేర్లు కొట్టించేవారు కదా, చుక్కలు చుక్కలుగా. అందులో అమ్మ పేరు ముందు ఒక ఇంటిపేరుంది. నేను ఎప్పుడూ వినని ఇంటిపేరు! మేనమామలు లేరు, అమ్మమ్మ తాతయ్య నేను పుట్టకముందే పోయారు. అమ్మ పుట్టింటి ఇంటిపేరు నాకు ముప్పై ఎనిమిదేళ్ల వయసులో బిందె చెప్పింది. ఏ కాగితంలోనూ లేదు. మా అమ్మని నేను ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

పాలమూరు_పోరి | 7:15

అక్కా... మా ఇంట్ల గంజులన్ని తిరగేసి సూస్తున్న ఇప్పుడు.

సైకాలజీ_మాష్టారు | 7:40

అమ్మా, ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు తెలుసు, మా నాయనమ్మది తెలియదు. ఇప్పుడే మా చెల్లెలికి ఫోను చేశాను. ఆమెకీ తెలియదు.

హోసూరోడు | 8:30

నమస్కారం. నాది హోసూరు. బదిలీ బాబు ఉండే చోటికి నలభై కిలోమీటర్లే.

మేము ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, కంపెనీలో ఇంగ్లీషు. మా తాతల కాలం నుంచీ ఇక్కడే ఉండాము, ఎవరూ ఎక్కడి నుంచీ వలస రాలేదు. గీతలే అటూ ఇటూ పోయినాయి. అయినా చెన్నై పోతే గొల్టి అంటారు, తెలుగోళ్లను ఎగతాళి చేసే మాట అది. హైదరాబాద్ పోతే "బాగా నేర్చుకున్నారే తెలుగు" అంటారు! మా అవ్వ కూడా తెలుగులోనే తిట్టింది సామీ నన్ను, నేర్చుకునేదేమి?

తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తరవాత మా తట్టు తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోయినారు. మా అబ్బాయి తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఈ చర్చ నేను పైకి చదివితే విన్నాడు. వాడు అడిగింది, "అప్పా, తెలుగు రాయడం రాకపోతే మనం తెలుగువాళ్లమేనా?" అని. నాకు జవాబు తెలుసు గానీ వాడికి ఎట్లా చెప్పాలో తెలియలేదు. మీరెవరైనా చెప్పండి.

ఇచ్ఛాపురం_బాబాయ్ | 8:52

హోసూరు బాబూ, మాదీ అదే బాధ, దిక్కే వేరు. 1936లో ఒడిశా విడదీసినప్పుడు మా తాత గీతకి ఇటు, ఆయన తమ్ముడు గీతకి అటు, బరంపురంలో. ఇప్పుడు ఆ ఇంటి పిల్లలు పెళ్లిళ్లకొస్తే ఒడియాలో మాటాడుకుంటారు. భోజనాల దగ్గర మాత్రం అందరూ ఒకటే, పులుసు ముక్క కోసం కొట్టుకోడమే. మీవోడికి చెప్పండి, రాయడం రాకపోయినా పులుసులో ముక్క అడగడం వస్తే తెలుగోడే అని. మరేటి!

అందరం_ఒకటే | 9:10

ఈ కులం గోల, ప్రాంతం గోల, ఇంటిపేర్ల గోల ఎందుకండీ? భారతీయులం అని రాయిస్తే పోలా? అన్నిటికీ అదే సమాధానం.

దండోరా_డప్పు | 9:45

పైన అందరం ఒకటే అన్న అన్నకి. కులం మాట ఇక్కడ ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు, ముందు ఎత్తింది మీరే. సరే, ఎత్తారు కాబట్టి చెబుతా.

మాది ప్రకాశం జిల్లా. నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు మాకూ ఈ హోంవర్కే ఇచ్చారు. మా ఊరు. మీకు ఊరంటే ఒకటే. మాకు ఊరు వేరు, పల్లె వేరు. ఊరు రోడ్డుకి ఇటు, మా పల్లె అటు. పంతులు గారు బోర్డు మీద రాయించిన నమూనా ఏంటంటే "మా ఊరిలో రామాలయం కలదు" అని. నేనూ రాశా. నాలుగు వాక్యాలు గుడి గురించే. గోపురం ఎంత ఎత్తో రాశా, దాని మీద బొమ్మలు ఎన్నో రాశా. లోపల ఏముందో రాయలేదు. ఎప్పుడూ పోలేదు కదా. పంతులు గారు "లోపలి దేవుడి గురించి ఒక్క ముక్కా రాయలేదేంట్రా" అన్నారు, క్లాసంతా నిశ్శబ్దం. ఆయనకీ అప్పుడు గుర్తొచ్చినట్టుంది. పదికి ఎనిమిదేశారు.

హైదరాబాద్ వచ్చాక ఇల్లు అద్దెకి వెతికితే మొదటి ప్రశ్న ఊరు, రెండోది ఇంటిపేరు, మూడోది "మీరేవిట్లు?" మొదటి రెండూ మూడోదానికి మెట్లు. నేను ఇంటిపేరు పొట్టి అక్షరం చేసుకున్నా. ఆ అక్షరం వెనక ఏముందో కనిపెట్టడానికి ఓనర్లు పడే తంటాలు చూడాలి. "కె అంటే కొమ్మినేనా? కాకర్లా?"

మా బాబాయి మాత్రం ఇంకో దారిన పోయాడు. 1994 జులై 7న మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా ఉద్యమం మొదలైంది. అప్పటిదాకా మమ్మల్ని తిట్టడానికి వాడే మాటని, దాని నాయకుడు మంద కృష్ణ తన పేరు వెనక తగిలించుకున్నాడు, రెడ్డి, శర్మ తగిలించుకున్నట్టే. మా బాబాయి తర్వాతి ఏడాది సైకిలు చెయిన్‌కవర్ మీద తెల్ల పెయింటుతో తన పేరు, వెనక "మాదిగ" అని రాయించాడు. మా నాయనమ్మ ఏడ్చింది. "ఊరికి తెలిసిందే కదరా, మళ్లీ రాసుకోవడం ఎందుకు?" అంది. "ఊరు అన్నప్పుడు తిట్టు, నేను రాసుకుంటే పేరు" అన్నాడు. ఆ సైకిలు మీద రోజూ రోడ్డు దాటి ఊళ్లోకి పోయేవాడు. మొదట్లో గేలి చేశారు. తర్వాత మామూలైపోయింది.

భారతీయుణ్ణి అని నేనూ రాస్తా. అద్దె ఇంటి ఓనరు ఆ జవాబుకి తాళం చేతికిస్తే.

మోడరేటర్ | 10:02

చర్చ బాగా నడుస్తోంది. తిట్లు దిగితే తాళం వేస్తాను. ఇప్పటికి రెండు పోస్టులు తీసేశాను.

సైకాలజీ_మాష్టారు | 10:40

దండోరా బాబూ, నువ్వు చెప్పినదాని మీద ఒక ప్రయోగం చెప్పాలి. హెన్రీ టాజ్‌ఫెల్ అని పోలండులో పుట్టిన యూదుడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం తరఫున పట్టుబడి ఖైదీగా బతికి బయటపడినవాడు. తర్వాత ఇంగ్లండులో బ్రిస్టల్‌లో పనిచేశాడు. 1970ల మొదట్లో పద్నాలుగు పదిహేనేళ్ల బడిపిల్లలకి ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, "నువ్వు క్లే బొమ్మలు మెచ్చిన జట్టు, నువ్వు కాండిన్‌స్కీ జట్టు" అని విడగొట్టాడు. నిజానికి విడగొట్టింది ఎలా పడితే అలా. జట్టులో ఎవరున్నారో తెలియదు, మొహాలు చూసుకోలేదు. తర్వాత డబ్బు పంచమన్నాడు, తనకి కాదు, ఇతరులకి. పిల్లలు తమ జట్టుకే ఎక్కువిచ్చారు. అంతకంటే విడ్డూరం, రెండు జట్లకీ ఎక్కువ వచ్చే పద్ధతి ఉన్నా, తమకి కాస్త తగ్గినా సరే, అవతలివాళ్ల కంటే తేడా ఎక్కువుండే పద్ధతినే చాలాసార్లు ఎంచుకున్నారు. ఎవడో గీసిన రంగుల బొమ్మకే ఇంత పట్టుదల.

ఇంకో మాట. జేమ్స్ మార్షియా అనే ఆయన 1966లో, కుర్రకారు తమ గుర్తింపుని ఎలా చేరుకుంటారో నాలుగు స్థితులు చెప్పాడు. వెతకనూ లేదు, తేల్చుకోనూ లేదు అనేది ఒకటి. వెతుకుతూ ఉండటం ఒకటి. వెతికి తేల్చుకోవడం ఒకటి. నాలుగోది వెతక్కుండానే పెద్దవాళ్లు ఇచ్చింది తొడుక్కోవడం. మన దగ్గర పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రానికి ఎంపీసీనా బైపీసీనా అని ఇంట్లో తేలిపోతుంది చూశారూ, అదీ నాలుగోది. ముప్పై ఏళ్లు నా ముందు బెంచీల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది అదే బాపతు. వాళ్లలో కొందరు నలభై దాటాక ఫోన్ చేసి "మాష్టారూ, నాకు అసలు ఏం ఇష్టమో తెలీట్లేదు" అంటారు.

దండోరా_డప్పు | 11:05

మాష్టారూ, మాటకి మాట కాదు గానీ. వెతుక్కోవడానికి ఖాళీ ఉండాలి కదా. మా నాన్న పదిహేనో ఏట పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కూలికి చేరాడు. ఏ స్థితిలో ఉన్నాడని రాస్తారు ఆయన్ని?

ఇంకోటి, ఆ బొమ్మల జట్లు నిన్న కట్టినవి, రేపు విప్పేయొచ్చు. ఆ ప్రయోగంలో ఒక జట్టుకి గుడి తాళం, బావి గిలక ఇచ్చి, రెండో జట్టుని రోడ్డు అవతల నిలబెట్టలేదు కదా.

సైకాలజీ_మాష్టారు | 11:20

నిలబెట్టలేదు. నువ్వన్నది నిజం. ఈ సిద్ధాంతాల మీద కూడా ఆ విమర్శ ఉంది, ఎంచుకునే వీలున్న కుర్రవాళ్లని చూసి కట్టినవని. క్లాసులో నేను దాన్ని ఆఖరి పది నిమిషాల్లో చెప్పి గంట కొట్టగానే వెళ్లిపోయేవాణ్ణి. మొదట్లోనే చెప్పాల్సింది.

నీటికింద_ఊరు | 11:42

దండోరా అన్నా, నీ మాటకు ఒకటి కలుపుతా. మా మునిగిన ఊరికీ ఊరు వేరు, వాడ వేరు ఉండె. కొత్త చోట ప్లాట్లు ఇచ్చినప్పుడు గూడా అట్లనే విడివిడిగా కట్టుకున్నారు. నీళ్లలో అంతా పోయింది గానీ ఆ గీత మాత్రం ఎవరో బండ్లో వేసుకొని తెచ్చినారు. మా నాయన గడప తేలేకపోయినాడు, అది మాత్రం వచ్చింది.

పాలమూరు_పోరి | 11:50

ఈ పోస్ట్ కింద ఏం రాయాల్నో తెలుస్తలేదు.

హోసూరన్న కొడుక్కి నేను జవాబు చెప్త. మా నాయనమ్మకి సంతకం కూడ రాకుండె, ఏలిముద్రనే. ఆమె తెలుగామె కాదని అన్నోడు లేడు. నువ్వు బిడ్డకి మెల్లగ అక్షరాలు నేర్పు. నేర్వకపోయినా కొట్టకు.

హోసూరోడు | మధ్యాహ్నం 12:30

చదివి వినిపించినాను చెల్లెమ్మా. "వేలిముద్ర అయితే నేనూ వేస్తాను" అన్నాడు. ఇంక్‌ప్యాడ్ వెతుకుతా ఉండాడు.

డాలస్_అమ్మ | ఆదివారం ఉదయం 7:15

బదిలీ బాబూ, రేపే కదా హోంవర్కు. ఏం తేల్చారు?

బదిలీ_బాబు | ఆదివారం ఉదయం 10:30

ఏమీ తేల్చలేదు. నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేశా. ఆయన విశాఖలో ఉంటున్నారు ఇప్పుడు. "నాన్నా, మనది ఏ ఊరు?" అని పాప అడిగినట్టే అడిగా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఎవరడిగారు?" అన్నారు. పాప అన్నా. "పాపకైతే తాతగారి ఊరు చెప్పు. బ్యాంకువాళ్లు అడిగితే విశాఖ. పెళ్లివాళ్లు అడిగితే మళ్లీ తాతగారి ఊరే" అన్నారు. "మరి మీకు మీరు అడుక్కుంటే?" అన్నా. "నంద్యాల్రా" అన్నారు! నేను పడిపోయా. నేను రాయలసీమ లోకల్ అయినందుకు ఇరవై ఏళ్లుగా జోకులేసుకుంటుంటే, ఆయనకి నిజంగానే అదే ఊరట. నంద్యాలలో సాయంత్రం ఆరింటికి బ్యాంకు మూశాక నలుగురు కలిసి నడుచుకుంటూ టీకొట్టుకి వెళ్లేవారట, ఆ కొట్టువాడు పేరుతో పిలిచేవాడట. "మేనేజర్ గారూ అనని ఊరు అదొక్కటే" అన్నారు.

పాపతో కూర్చుని ఇప్పుడు మొదలుపెడుతున్నాం. సాయంత్రం చెబుతా.

బదిలీ_బాబు | మంగళవారం రాత్రి 8:40

ఆలస్యానికి మన్నించాలి. జరిగింది ఇదీ.

నేను నంద్యాల గురించి చెప్పా, మహానంది కోనేరు గురించి చెప్పా. వాళ్లమ్మ బళ్లారి కోట గురించి చెప్పింది. పాప శ్రద్ధగా విని, తలుపేసుకుని తనే రాసుకుంది. చూపించమంటే చూపించలేదు. ఇవాళ నోట్సు వచ్చింది. తొమ్మిది వాక్యాలు మా అపార్టుమెంటు గురించి! "మా ఊరిలో నాలుగు బ్లాకులు ఉన్నాయి. మా ఊరిలో వాటర్ ట్యాంకర్ వస్తుంది. మా ఊరిలో వాచ్‌మన్ అంకుల్ ఉన్నాడు, ఆయన ఊరు రాయచూరు." ఇలా. ఫొటో బదులు ట్యాంకరు బొమ్మ వేసింది, పైపుతో సహా. పదో వాక్యం: "మా నాన్న తన ఊరు వెతుకుతున్నాడు."

మేడం తొమ్మిదింటి కింద ఎర్ర గీత గీసింది, "ఇది సొంతూరు కాదు" అని. పదో దానికి స్టార్ పెట్టింది.

ఇచ్ఛాపురం_బాబాయ్ | 8:51

ట్యాంకరు బొమ్మకి మార్కులెయ్యలేదా? ఆ మేడం ఏ ఊరు?

దండోరా_డప్పు | 9:03

పదికి ఒకటి. నాకు ఎనిమిదొచ్చాయి. కానీ నీ కూతురు నిజం రాసింది బ్రదర్, నేను గోపురం ఎత్తు రాశా.

రెండిళ్ల_పిల్ల | 9:30

ఇవాళ ఆ బిందె పట్టుకుని స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లా. అమ్మ పేరు కింద మా అమ్మాయి పేరు కూడా కొట్టించాలని. ఇప్పుడు మెషీన్‌తో కొడుతున్నారు, బర్ర్ మని రెండు నిమిషాల పని. కొట్టతను మెషీన్ చేతిలో పట్టుకుని "ఇంటిపేరు ఏది కొట్టమంటారమ్మా?" అన్నాడు. మా అమ్మాయి వైపు చూశా. అది ఫోన్లో ఏదో చూసుకుంటూ తల ఎత్తకుండా "పేరు చాలు" అంది.

అక్షరానికి పది రూపాయలు తీసుకున్నాడు. మూడక్షరాలే, ముప్పై అయింది.